బడి మిద్దె మీద సూర్య వేధశాల: రెండున్నర లక్షల్లో ఏం కొనాలి, ఎలా నడపాలి?

మిద్దె_మాస్టారు:

అందరికీ నమస్కారం. అనంతపురం జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. ఖగోళశాస్త్రానికే ఖర్చు పెట్టమని పూర్వ విద్యార్థులు కలిసి రెండున్నర లక్షలు ఇస్తామంటున్నారు. మా పిల్లల్లో సగం మంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సులో వచ్చేవాళ్లే. సాయంత్రం ఐదు దాటితే బడిలో ఎవరూ ఉండరు. రాత్రి ఆకాశం కోసం పెద్ద టెలిస్కోపు కొంటే ఎక్కువ రోజులు బీరువాలోనే ఉంటుంది. అందుకే బడి వేళల్లో రోజూ పనిచేసే సూర్య వేధశాల పెడదామనుకుంటున్నాం.

చేతిలో ఉన్నవి: 80 మి.మీ. కటకం, 900 మి.మీ. నాభ్యంతరం ఉన్న టెలిస్కోపు, చేత్తో తిప్పే ఈక్వటోరియల్ మౌంటు (ఆకాశం తిరిగే దిశలోనే టెలిస్కోపును తిప్పే స్టాండు), దాంతో వచ్చిన 25, 10 మి.మీ. ఐపీసులు. రెండో అంతస్తు పైన ఖాళీ మిద్దె. పీరియడుకి 40 మంది పిల్లలు, 45 నిమిషాలు. శనివారాలు ఊరివాళ్లను కూడా రమ్మనాలని ఉంది.

ఫైబర్ డోముకే సగానికి పైగా డబ్బు అడుగుతున్నారు, అది అవసరమా? పిల్లల కళ్లకు ఏ ప్రమాదమూ రాకుండా ఏం చేయాలి? మొదటి రోజు అందరూ చూసి "బాగుంది సార్" అనేశాక రెండో రోజు నుంచి ఏం చేయించాలి? వానాకాలం సంగతేంటి? ఏది తెలిస్తే అది చెప్పండి.

కటకం_80:

మాస్టారూ, డోము వద్దు. దాని బదులు ఏం కట్టాలో ఆ పని తెలిసినవాళ్లు చెబుతారు. నేను టెలిస్కోపు, కళ్ల భద్రత వరకు రాస్తాను.

మీ 80 మి.మీ. చాలు. లెక్క ప్రకారం అది సుమారు ఒకటిన్నర ఆర్క్ సెకన్ల (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) వివరాన్ని విడదీస్తుంది. సూర్యుడి మీద ఒక ఆర్క్ సెకను అంటే దాదాపు 725 కి.మీ. పగటిపూట ఎండకు మరిగే గాలి మామూలుగా రెండు మూడు ఆర్క్ సెకన్ల కన్నా సన్నని వివరాన్ని కనపడనివ్వదు. అందువల్ల బడి మిద్దె మీద ఇంతకన్నా పెద్ద కటకానికి పెట్టే డబ్బు వృథా.

మొదలుపెట్టాల్సింది తెర మీద బింబం పడేసే పద్ధతితో. నలభై మంది ఒకేసారి చూస్తారు, ఎవరూ ఐపీసుకు కన్ను ఆనించరు, "సూర్యుడి మీద ఇదిగో ఈ మచ్చ" అని పెన్సిల్‌తో చూపించొచ్చు. ఫోకస్ దగ్గర సూర్యబింబం ఎంత పెద్దదో తెలియాలంటే నాభ్యంతరాన్ని 109తో భాగించండి. 900 మి.మీ.కి 8.3 మి.మీ. వస్తుంది. తెర మీద 15 సెం.మీ. బింబం కావాలంటే 18 రెట్లు పెంచాలి. ఐపీసు నుంచి తెరకు దూరం అంటే ఐపీసు నాభ్యంతరాన్ని 18కి ఒకటి కలిపి గుణించడమే. మీ 25 మి.మీ. ఐపీసుకు 47 లేదా 48 సెం.మీ. పడుతుంది. 10 మి.మీ. దాన్ని ఈ పనికి వాడొద్దు, బింబం మొత్తం పట్టదు, వేడికి కూడా తట్టుకోదు.

ఇక్కడ చెడిపోయేవి ఇవి. కటకం ముందు 60 మి.మీ. రంధ్రం కోసిన అట్ట పెట్టండి, వేడి దాదాపు సగానికి తగ్గుతుంది. రెండు గాజులను జిగురుతో అతికించిన ఐపీసుల్లో ఆ జిగురు ఉడుకుతుంది. జిగురు లేని పాతకాలపు హైగెన్స్, రామ్స్‌డెన్ రకాలే ఈ పనికి మేలు. అన్నిటికన్నా తరచుగా జరిగేది వేరే: సూర్యుడు పక్కకు జరిగిపోతే ఫోకస్ అయిన బింబం ఐపీసు లోపలి ప్లాస్టిక్ అంచు మీద పడి దాన్ని కరిగిస్తుంది. టెలిస్కోపు దగ్గర నుంచి ఒక్క నిమిషం కదిలినా ముందు మూత పెట్టడం అలవాటు చేయండి. మాక్సుటోవ్, ష్మిట్-కాసెగ్రెయిన్ రకం టెలిస్కోపులతో (అద్దాలూ కటకమూ కలిసి ఉండేవి) ఎన్నడూ ఇలా తెర మీద బింబం వేయొద్దు, లోపలి భాగాలు కాలిపోతాయి.

ఫైండర్ (గురి చూడటానికి గొట్టం పక్కన ఉండే చిన్న టెలిస్కోపు) పూర్తిగా విప్పి ఇంటికి పట్టుకెళ్లండి. మూత పెట్టి వదిలేస్తే ఎవరో ఒక పిల్లవాడు తీస్తాడు. గురి పెట్టడానికి గొట్టం నీడ చాలు: నీడ గుండ్రంగా, అన్నిటికన్నా చిన్నగా అయినప్పుడు సూర్యుడు తెర మీద ఉంటాడు. ఐపీసుకీ తెరకీ మధ్య మూడు వైపులా పలుచని ప్లైవుడ్‌తో పెట్టెలా మూయండి. పిల్లల తల అందులో దూరకూడదు, పైగా పక్క వెలుగు తగ్గి మచ్చలు నల్లగా తేలతాయి.

నేరుగా కంటితో చూపించాలంటే సోలార్ ఫిల్ములో 5.0 సాంద్రత ఉన్నదే కొనండి. అది వెలుగులో లక్షో వంతునే పంపుతుంది. 3.8 సాంద్రతది కూడా అదే పేరుతో అమ్ముతారు. అది కెమెరాలకు మాత్రమే, దాదాపు 16 రెట్లు ఎక్కువ వెలుగు వస్తుంది. కవరు మీద అంకె చూడకుండా తీసుకోవద్దు. ఏ4 సైజు ఫిల్ముతో మీ గొట్టానికి రెండు మూతలు చేసుకోవచ్చు. గొట్టం కొలతకు తగ్గ పి.వి.సి. ఎండ్ క్యాప్ మధ్యలో గుండ్రంగా కోసి, రెండు అట్ట ఉంగరాల మధ్య ఫిల్మును వదులుగా అతికించండి. డప్పులా లాగి బిగిస్తే బొమ్మ చెడుతుంది, ముడతలు ఉన్నా నష్టం లేదు. గాలికి ఎగరకుండా మూడు ప్లాస్టిక్ స్క్రూలు, పైన ఒక టేపు. ప్రతి పూటా వాడే ముందు సెల్‌ఫోన్ టార్చికి అడ్డం పెట్టి చూడాలి. సూదిమొన చుక్కలు కనిపిస్తే ఆ ఫిల్ము తీసేసి కొత్తది వేయండి.

ఐపీసుకు బిగించే నల్ల గాజు ఫిల్టరు పాత పెట్టెల్లో దొరుకుతుంది. వేడికి అది పగిలితే కన్ను తీసుకునే లోపే దెబ్బ తగులుతుంది, రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి పిల్లవాడికి సాయంత్రం దాకా ఏమీ తెలియదు. దొరికితే సుత్తితో పగలగొట్టి పారేయండి. ఎక్స్‌రే ఫిల్ము, సీడీ, మసి పట్టిన గాజు ఏవీ వద్దు. 14వ నంబరు వెల్డింగ్ గాజు ఉత్త కంటికి పనికొస్తుంది, టెలిస్కోపుకు మాత్రం ముందూ పెట్టకూడదు, వెనకా పెట్టకూడదు.

గేటు_చక్రాలు:

కట్టడం గురించి. రాత్రి వేధశాలకు డోము మంచు నుంచి, వీధి లైట్ల నుంచి కాపాడుతుంది. సూర్యుడికి అదే ఇబ్బంది తెస్తుంది: రోజంతా ఎండలో కాలి, లోపలి వేడిగాలి సరిగ్గా టెలిస్కోపు చూసే చీలిక గుండానే బయటికి పోతుంది. బింబం అంచు ఉడుకుతున్నట్టు కదులుతుంది. పక్కకు జరిగే రేకుల కప్పు చాలా మేలు, మీ ఊరి వెల్డింగ్ షాపులోనే అవుతుంది.

ఎనిమిది అడుగుల చదరం, నాలుగు అడుగుల గోడ. పైన రేకుల కప్పు, స్లైడింగ్ గేట్లకు వాడే గాడి చక్రాలు ఆరు. ఎల్ యాంగిల్‌ను తిరగేసి వెల్డ్ చేస్తే దాని మొన మీద చక్రం గాడి కూర్చుంటుంది, పక్కకు జారదు. పట్టాలను ఉత్తరం వైపుకే పొడిగించండి. అనంతపురం అక్షాంశం 14.7 డిగ్రీలు, ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉన్నా, తొమ్మిది డిగ్రీలకు మించి పోడు. మిగతా ఏడాదంతా దక్షిణం వైపే. అందువల్ల తెరిచిన కప్పు ఉత్తరాన ఉంటే ఏ రోజూ అడ్డం రాదు.

మీ జిల్లాలో గాలిమరలు ఊరికే పెట్టలేదు, జూన్, జూలైలలో గాలి కప్పును లేపేస్తుంది. కప్పు చట్రానికి పట్టా కిందికి వంగిన ఇనుప కొక్కేలు నాలుగు, మూసినప్పుడు బిగించడానికి నాలుగు టవర్ బోల్టులు తప్పనిసరి. తెరిచి ఉన్నప్పుడు కూడా కప్పుకు తాళం ఉండాలి, పిల్లలు తోస్తారు.

టెలిస్కోపు నిలిపే స్తంభాన్ని స్లాబు మధ్యలో పెట్టొద్దు, కింద పిల్లరూ దూలమూ కలిసే చోట పెట్టండి. మధ్యలో పెడితే ఎవరు నడిచినా తెర మీద సూర్యుడు గెంతుతాడు. ఆరు అంగుళాల ఇనుప పైపులో ఇసుక నింపి, అడుగున 10 మి.మీ. ప్లేటు వేసి, అడుగు ఎత్తు కాంక్రీటు దిమ్మెకు బిగించండి. బోల్టులు దిమ్మెలోనే ఆగాలి. స్లాబును తొలిస్తే మొదటి వానకే కింది తరగతి గది కారుతుంది, ఆ తర్వాత మీ వేధశాలకు ఎవరూ మద్దతు ఇవ్వరు. పని మొదలుపెట్టే ముందు ఇంజనీరింగ్ విభాగం నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి.

అసలు డబ్బు పెట్టాల్సింది మిద్దె ఉపరితలం మీద. చుట్టూ పది అడుగుల దాకా తెల్ల సున్నం, లేదా వేడిని తిప్పికొట్టే తెల్ల పెయింటు. గది లోపల కొబ్బరి పీచు పట్టాలు పరచి నీళ్లు చల్లండి. ఉదయ్‌పూర్ సౌర వేధశాలను ఫతేసాగర్ సరస్సు మధ్య దీవిలో కట్టింది ఇందుకే, నీళ్లు నేలలా త్వరగా వేడెక్కవు. కొడైకెనాల్‌లో సూర్యుణ్ణి పట్టే అద్దాలు 11 మీటర్ల గోపురం మీద ఉన్నదీ నేల వేడికి పైన ఉండాలనే. మీరు చేయగలిగింది వేళను ఎంచుకోవడం. ఉదయం పదిలోపు గాలి నెమ్మదిగా ఉంటుంది. టైంటేబులులో మొదటి రెండు పీరియడ్లు వేధశాలకు పెట్టించండి. మధ్యాహ్నం రెండింటికి పెట్టిస్తే పిల్లలకు మరిగే సూర్యుడే గుర్తుండిపోతాడు.

పగలు ధ్రువ నక్షత్రం లేకుండా మౌంటును ఉత్తరానికి తిప్పడం: ఎత్తు కోణం 14.7 డిగ్రీలకు పెట్టి, తూకపు గుండు వేలాడదీసి, స్థానిక మధ్యాహ్నం వేళ దారం నీడ పడే గీతను నేల మీద పెయింటు వేయండి. అదే ఉత్తర దక్షిణ రేఖ. గడియారంలో 12కి కాదు. మన గడియారం కాకినాడ దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశానిది. అనంతపురం 77.6 దగ్గర ఉంది కాబట్టి 20 నిమిషాలు ఆలస్యం. దానికి సూర్యుడి సొంత తేడా కలపాలి: నవంబరు మొదట్లో సూర్యుడు 16 నిమిషాలు ముందుంటాడు, ఫిబ్రవరి మధ్యలో 14 నిమిషాలు వెనక. అంటే నవంబరులో 12:04కి, ఫిబ్రవరిలో 12:34కి గీత గీయాలి. ఈ పని పదో తరగతి పిల్లలతోనే చేయించండి, ఇదే మీ వేధశాలలో మొదటి ప్రయోగం అవుతుంది.

మిద్దె_మాస్టారు:

చాలా సంతోషం అండీ. డోము మాట ఇక ఎత్తను. కొందరు హెచ్-ఆల్ఫా టెలిస్కోపు (హైడ్రోజన్ ఇచ్చే ఎరుపులో మాత్రమే సూర్యుణ్ణి చూపేది) లేకపోతే సూర్య వేధశాల అనలేమంటున్నారు. అది కొంటే మిగిలేది తక్కువ. ఇంకొకటి, 45 నిమిషాల్లో నలభై మందికి నిజంగా పని ఉండాలి, వరసలో నిలబడి ఒక్కసారి చూసి పోవడం కాకుండా.

రోజుకో_బొమ్మ:

మాస్టారు గారూ, మీ రెండో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది. పిల్లలు సూర్యుణ్ణి చూడటం ఒక్క రోజు పని. గీయడం ఏడాది పని, అందులోంచే పాఠం వస్తుంది.

హెచ్-ఆల్ఫా కన్నా ముందు కొనాల్సింది మీ మౌంటుకు చిన్న మోటారు. 15 సెం.మీ. బింబం తెర మీద సెకనుకు 1.2 మి.మీ. చొప్పున జరిగిపోతుంది. చేత్తో తిప్పుతూ గీయాలంటే ఇద్దరు కావాలి, అయినా వంకరలు వస్తాయి.

పద్ధతి ఇది. 15 సెం.మీ. వృత్తం గీసిన కాగితాలు ముందే జిరాక్స్ తీసి పెట్టుకోవాలి. కాగితాన్ని తెరకు క్లిప్పు పెట్టి, బింబాన్ని వృత్తంలో సరిగ్గా కూర్చోబెట్టాలి. మోటారు ఆపితే బింబం జరిగే దిక్కు పడమర. గొట్టాన్ని కాస్త ఉత్తరానికి నెడితే బింబం తెర మీద ఏ వైపుకు పోతుందో అది దక్షిణం. ఎడమా కుడీ బట్టీ పట్టించొద్దు. డయాగొనల్ అద్దం (కాంతిని పక్కకు మళ్లించేది) పెట్టినా తీసినా అది తారుమారవుతుంది, ఈ జరుపుడు పరీక్ష మాత్రం ఎప్పుడూ తప్పదు. తర్వాత మెత్తటి పెన్సిల్‌తో మచ్చల స్థానాలు మాత్రమే చుక్కలుగా పెట్టాలి. గట్టిగా నొక్కితే గొట్టం కదిలి అన్ని చుక్కలూ ఒక పక్కకు పోతాయి. ఆకారాలు, నడిమి నలుపు, చుట్టూ ఉండే బూడిద రంగు అంచు పక్క కాగితం మీద గీసుకోవాలి. తేదీ, సమయం, గాలి ఎలా ఉంది, ఎవరు గీశారు అన్నవి తప్పకుండా రాయాలి. మన సమయంలోంచి 5:30 తీసేసి అంతర్జాతీయ సమయం కూడా రాయించండి, లేకపోతే తర్వాత ఇంకెవరి చిత్రంతోనూ పోల్చలేరు.

నలభై మందిని ఎనిమిదేసి మంది చొప్పున ఐదు జట్లు చేయండి. ఒక జట్టు తెర దగ్గర గీస్తుంది. ఒక జట్టు నిన్నటి బొమ్మ మీద అక్షాంశ, రేఖాంశాల పారదర్శక గ్రిడ్ పెట్టి మచ్చల స్థానాలు చదువుతుంది. ఒకటి లెక్కింపు, ఒకటి గ్రాఫు. ఐదోది ఫిల్ము మూత ఉన్న వేరే చిన్న టెలిస్కోపుతోనో గ్రహణం కళ్లద్దాలతోనో నేరుగా చూసి తెర మీది బొమ్మతో సరిపోలుస్తుంది. గ్రిడ్ ఒక్కటి చాలదు. సూర్యుడి అక్షం ఏడాదిలో మన వైపుకూ అవతలి వైపుకూ 7 డిగ్రీల పైచిలుకు వాలుతుంది, పక్కలకు 26 డిగ్రీల దాకా వాలుతుంది. ఆ రోజు విలువలు చూసుకోకుండా గ్రిడ్ పెడితే ఒకే మచ్చ రోజుకో అక్షాంశంలో ఉన్నట్టు వస్తుంది. పిల్లలు తమ గీతనే అనుమానిస్తారు.

లెక్కింపుకు వోల్ఫ్ సంఖ్య: గుంపులను పదితో గుణించి విడి మచ్చలను కలపడం. నాలుగు గుంపుల్లో 17 మచ్చలుంటే 57. రుడాల్ఫ్ వోల్ఫ్ 19వ శతాబ్దం మధ్యలో పెట్టిన పద్ధతి, ఇప్పటికీ బ్రస్సెల్స్‌లోని కేంద్రం ప్రపంచం నలుమూలల నుంచి ఇలాంటి లెక్కలే తీసుకుని రోజువారీ సంఖ్య ప్రకటిస్తుంది. మీ పిల్లల సంఖ్య దానికన్నా తక్కువే వస్తుంది, కంగారు పడొద్దు. చిన్న టెలిస్కోపుకు చిన్న మచ్చలు అందవు, కొత్తవాళ్లు దగ్గరి రెండు గుంపుల్ని ఒకటిగా లెక్కేస్తారు. మూడు నెలల పాటు ఇద్దరు పిల్లలు విడివిడిగా లెక్కించి, వాళ్ల సంఖ్యకూ బ్రస్సెల్స్ సంఖ్యకూ ఉన్న నిష్పత్తి నిలకడగా ఉందేమో చూడండి. నిలకడ వచ్చాక అమెరికాలోని చరతారా పరిశీలకుల సంఘం సూర్య విభాగానికి నెలనెలా పంపొచ్చు, వాళ్లు ఔత్సాహికుల లెక్కలు తీసుకుంటారు.

బింబం మధ్యలో ఉన్న మచ్చ రోజుకు దాదాపు 17 మి.మీ. జరుగుతుంది. నాలుగు రోజుల బొమ్మలుంటే సూర్యుడి భ్రమణ కాలం వచ్చేస్తుంది, సుమారు 27 రోజులు. అంచు దగ్గరి మచ్చలతో లెక్క కట్టనివ్వకండి, అక్కడ ఒక మిల్లీమీటరు తప్పుకే చాలా డిగ్రీలు తేడా వస్తుంది. మనం కూడా కక్ష్యలో తిరుగుతున్నాం కాబట్టి 27 వచ్చింది, అసలు కాలం 25 చిల్లర. ఆ తేడాను పిల్లలతోనే రాబట్టించండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగానికి మచ్చలు కూడా అక్కర్లేదు. ఫోకస్, తెర దూరం కదలకుండా గుర్తు పెట్టుకుని, జనవరి మొదటి వారంలో ఒకసారి, జూలై మొదటి వారంలో ఒకసారి బింబాన్ని కొలవండి. 15 సెం.మీ.కి 5 మి.మీ. తేడా కనిపిస్తుంది. జనవరి చలిలో సూర్యుడు పెద్దగా, అంటే దగ్గరగా ఉంటాడు. "ఎండాకాలంలో సూర్యుడు దగ్గరికొస్తాడు" అన్న అపోహ స్కేలుతోనే పోతుంది. జూలైలో మబ్బు ఉంటుంది కాబట్టి జూన్ 20 నుంచి జూలై 20 దాకా ఎప్పుడు ఎండ కాసినా కొలవండి, ఆ నెలలో బింబం పెద్దగా మారదు.

ఇంకో మాట, ఆలస్యం చేయకండి. ఇప్పటి 25వ సౌరచక్రం (మచ్చలు పెరిగి తగ్గే కాలం) 2019 డిసెంబరులో మొదలై 2024లో ఉచ్చదశకు చేరింది. 2030 దరిదాపుల్లో మచ్చల్లేని రోజులు చాలా వస్తాయి. ఇప్పుడు మొదలుపెడితే మచ్చలు తగ్గడం, అవి భూమధ్యరేఖ వైపు దిగిరావడం పిల్లల గ్రాఫులోనే నమోదవుతుంది. కొడైకెనాల్ వేధశాల 20వ శతాబ్దం మొదటి నుంచి తీసిన రోజువారీ సూర్యచిత్రాలను డిజిటల్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. పిల్లల చేత తమ తాతల పుట్టినరోజు నాటి సూర్యుణ్ణి వెతికించండి, అదే పద్ధతిలో మచ్చలు లెక్కపెట్టించండి.

ఎర్ర_జ్వాల:

రోజుకో_బొమ్మ గారు చెప్పింది బడికి సరైనదే. కానీ శనివారం వచ్చే ఊరివాళ్ల సంగతి వేరు. తెల్లటి బింబం మీద రెండు నల్ల చుక్కలు చూపిస్తే మర్యాదగా తలాడించి వెళతారు. అంచున లేచి నిలబడ్డ ఎర్రటి జ్వాలను చూసినవాళ్లు పక్కింటివాళ్లను తీసుకొస్తారు. నా ఓటు 40 మి.మీ. హెచ్-ఆల్ఫాకే.

అది హైడ్రోజన్ ఇచ్చే 656.28 నానోమీటర్ల ఎరుపును మాత్రమే, ఒక ఆంగ్‌స్ట్రామ్ కన్నా సన్నని పట్టీగా పంపుతుంది. మామూలుగా మనకు కనిపించే కాంతిమండలం పైనున్న పొర, వర్ణమండలం కనిపిస్తుంది. దిగుమతి సుంకం కలుపుకుంటే లక్ష దాటవచ్చు, అందుకే కొనేముందు ఈ ఇబ్బందులు తెలియాలి. మొదటి పది సెకన్లు ఎవరికీ ఏమీ కనపడదు, కంటికి ఉత్త ఎరుపు అలవాటు లేదు. తల మీద నల్ల గుడ్డ కప్పి, ముందు అంచు చుట్టూ చూడమని, తర్వాత మధ్యలో సన్నని నల్ల పోగులు వెతకమని చెప్పాలి. ఆ పోగులూ, అంచున ఉన్న జ్వాలలూ ఒకటే వస్తువు, చూసే కోణమే తేడా. మనిషికి 40 సెకన్లు ఇస్తే నలభై మందికి 27 నిమిషాలు, అంటే ఒక పీరియడులో సరిపోతుంది. ఆ ఎరుపుకు సరిగ్గా సర్దే ట్యూనింగ్ చక్రాన్ని ఒక్కరే తిప్పాలి, చూసిన ప్రతివాళ్లూ తిప్పితే సగం మందికి ఖాళీ ఎర్ర బిళ్లే కనిపిస్తుంది.

నిల్వ ముఖ్యం. లోపలి ఫిల్టర్లకు తేమ పడదు, కొన్నేళ్లకు పొర పట్టి బొమ్మ మసకబారుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టి, సంచుల రంగు మారగానే ఎండబెట్టాలి. మిద్దె గదిలో వదిలేయొద్దు, కిందికి దించాలి. కెమెరా కొనాలనుకుంటే ముందు కొలత చూడండి: 400 మి.మీ. నాభ్యంతరానికి బింబం 3.7 మి.మీ. వస్తుంది, సెన్సరు పొట్టి వైపు 4 మి.మీ. అయినా లేకపోతే సూర్యుడు ముక్కలుగానే వస్తాడు.

ఊరివాళ్లకు చెప్పడానికి మన దగ్గర జరిగిన విషయమే ఉంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరు వచ్చాడు. వర్ణపటదర్శినిలో (కాంతిని రంగులుగా విడదీసే సాధనం) జ్వాలల గీతలు ఎంత ప్రకాశంగా కనిపించాయంటే, మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ పట్టుకున్నాడు. ఈ టెలిస్కోపు చేసే పని అదే, సన్నని రంగుపట్టీలో చూస్తే గ్రహణం కోసం ఆగక్కర్లేదు.

రోజుకో_బొమ్మ:

జ్వాల బాగుంటుందన్నది నేనూ ఒప్పుకుంటాను. అయినా మొదటి ఏడాది వద్దంటాను. మోటారు, కప్పు, స్తంభం, పెయింటు, రెండో చిన్న టెలిస్కోపు కొన్నాక, ఏడాది పాటు వంద బొమ్మలైనా గీశాక మిగిలిన డబ్బుతో కొనండి. వాడే చేతులు లేని చోట ముందే కొంటే ఖరీదైన ఫిల్టరు డబ్బాలోనే పాడవుతుంది.

శనివారం జనానికి రెండు చవకైన సాధనాలు. ఒకటి బంతి అద్దం: ఇసుక నింపిన ప్లాస్టిక్ బంతికి చిన్న అద్దం అతికించి, గిన్నె అంచు మీద కూర్చోబెట్టి, కిటికీ గుండా చీకటి గదిలోకి ఎండను పంపడం. అద్దం మీద 5 మి.మీ. రంధ్రమున్న నల్ల కాగితం, 20 మీటర్ల దూరంలో గోడ ఉంటే 18 సెం.మీ. పైన బింబం పడుతుంది, పెద్ద మచ్చలు కూడా కనిపిస్తాయి. రంధ్రం 1 సెం.మీ. చేస్తే వెలుగు నాలుగింతలవుతుంది కానీ మచ్చలు కలిసిపోతాయి. గ్రహణాలకైతే అదే మేలు. కాంతి దారి మనుషుల తలల పైనుంచి పోవాలి, అద్దంలోకి చూసినా సూర్యుణ్ణి చూసినట్టే. రెండోది ఆవగింజ: 15 సెం.మీ. బింబం పక్కన భూమి 1.4 మి.మీ. ఉంటుంది. చిన్న ఆవగింజను అట్టకు అతికించి, తెర నుంచి సరిగ్గా 16 మీటర్ల దూరంలో, మిద్దె అవతలి చివర నిలబడ్డ పిల్లవాడి చేతికి ఇవ్వండి. కొలతా దూరమూ రెండూ నిజమైన నిష్పత్తిలో ఉంటాయి.

తిరునల్వేలి_గీత:

వానాకాలం ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి రాస్తున్నాను. మబ్బులోంచి కూడా సూర్యుడి విస్ఫోటాలు పట్టే సాధనం మీ కంప్యూటర్ ల్యాబులోనే సగం ఉంది.

తమిళనాడులో తిరునల్వేలి దగ్గర విజయనారాయణంలో నౌకాదళ ప్రసార కేంద్రం 18.2 కిలోహెర్ట్జ్ మీద సంకేతం పంపుతుంది. అది అయనోమండలం (వాతావరణం పైభాగంలో విద్యుదావేశం ఉన్న ప్రాంతం) కింది పొర నుంచి పరావర్తనం చెంది మనకు చేరుతుంది. సూర్యుడి మీద విస్ఫోటం జరిగితే ఎక్స్ కిరణాలు పగటివైపు ఆ పొరను ఒక్కసారిగా మారుస్తాయి, సంకేతం బలం మారిపోతుంది. ఆ బలాన్ని గ్రాఫుగా గీస్తే గీత నిమిషాల్లో లేచి, అరగంట గంటలో నెమ్మదిగా పాత స్థాయికి వస్తుంది. కొన్ని చోట్ల లేవడానికి బదులు పడుతుంది, నేల మీదుగా వచ్చే తరంగమూ పైనుంచి వచ్చేదీ కలిసే తీరును బట్టి. రెండూ సరైన ఫలితాలే.

తయారీ: మీటరు చదరపు చెక్క చట్రం మీద ఎనామెల్ రాగి తీగ 30 చుట్లు, అంటే 120 మీటర్లు. రెండు కొసల నుంచి షీల్డు వైరుతో చిన్న ఆడియో ఆంప్లిఫయరు, అక్కడి నుంచి కంప్యూటరు సౌండు కార్డు. కార్డు సెకనుకు 48,000 నమూనాలు తీస్తే 24 కిలోహెర్ట్జ్ దాకా పట్టుతుంది, కాబట్టి 18.2 అందుతుంది. చట్రం తలం ప్రసార కేంద్రం వైపు చూడాలి. మీ అదృష్టం, అనంతపురానికి అది దాదాపు నేరుగా దక్షిణాన, 700 కి.మీ. దూరంలో ఉంది. మధ్యాహ్నపు నీడతో గీసిన ఉత్తర దక్షిణ రేఖ వెంబడే చట్రాన్ని నిలబెట్టండి.

ఐదు సెకన్లకో విలువ చొప్పున రోజంతా నమోదు చేయించండి. మొదటి వారంలో విస్ఫోటాల కోసం వెతకొద్దు, సూర్యోదయం, సూర్యాస్తమయం దగ్గర గీత ఎలా వంగుతుందో పిల్లలు గుర్తుపట్టాలి. అది కనపడకపోతే మీరు వింటున్నది కేంద్రాన్ని కాదు, బడి ట్యూబులైట్లను. ఎల్.ఇ.డి. దీపాల డ్రైవర్లు, ఫోను చార్జర్లు, ఇన్వర్టరు ఈ పౌనఃపున్యాల్లోనే విపరీతంగా రొద చేస్తాయి. చట్రాన్ని భవనం నుంచి కనీసం పది మీటర్ల అవతల, చెట్టు కిందో ప్రహరీ పక్కనో పెట్టి, ఆంప్లిఫయరును బ్యాటరీతో నడపండి. అప్పటికీ రొద తగ్గకపోతే ఒక ఆదివారం మెయిన్ ఆపి, ఫ్యూజులు ఒక్కొక్కటే పెడుతూ ల్యాప్‌టాప్‌లో గీత చూడండి, దోషి ఏ గదిలో ఉన్నాడో అరగంటలో దొరుకుతుంది. కేంద్రం నిర్వహణ కోసం ఆగినప్పుడు గీత నిటారుగా పడి చదునుగా సాగుతుంది. దాన్ని విస్ఫోటంగా రాసుకోకుండా ఉండాలంటే ప్రతి అనుమానాన్నీ అమెరికా గోస్ ఉపగ్రహాల ఎక్స్ కిరణాల గ్రాఫుతో పోల్చాకే పుస్తకంలో ఎక్కించాలి.